అల్జియా పాలబిడ్డలు

కర్కెన్నా దీవులకి వెళ్ళే లాంచీ స్ఫాక్స్ రేవు వదిలి నడిసముద్రంలోకి వచ్చేసరికి గాలి చలిగా తిరిగింది. ఇంజను గొట్టం పక్కన వెచ్చగా ఉంటుందని అటు జరిగిన నూరీ, అక్కడ ముందే చోటు చేసుకుని కూర్చున్న ఒక ముసలమ్మ బుట్టలో కాలు పెట్టాడు. బుట్టలో గుడ్లున్నాయి.

“కళ్ళు నెత్తికెక్కాయా నాయనా, లేకపోతే పెళ్ళి కుదిరిందా?” అంది ముసలమ్మ, పగిలిన గుడ్లను వేలితో వెతుక్కుంటూ.

నూరీ సిగ్గుపడిపోయాడు. పెళ్ళి నిజంగానే కుదిరింది. చంకలో ఉన్న మూటలో గోరింటాకు, ఒక జత ఎర్ర చెప్పులు, చిన్న అత్తరు సీసా ఉన్నాయి. స్ఫాక్స్‌లో పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డులో చేతులు నల్లబడేదాకా పనిచేసి కొన్నవి. ముసలమ్మకు మూట కనిపించింది, గోరింటాకు వాసన తగిలింది, ఇంకేం కావాలి?

“ఎవరింటి పిల్లాడివి?”

“హమ్మాదిగారి చిన్నవాణ్ణి. అల్జియా కొడుకుని.”

ముసలమ్మ గుడ్ల సంగతి మరిచిపోయింది. “లల్లా అల్జియా కొడుకువా! ఏదీ, ఇటు తిరుగు. అవున్రోయ్, అవే చెవులు! నేను మన్నూబియాని. మీ వీధి చివర బావి పక్కిల్లు మాదే. కూతురు స్ఫాక్స్‌లో కాపురం పెట్టాక నేనూ అటే వెళ్ళిపోయాను, నువ్వప్పటికి దేకుతున్నావు. మా పెద్దాడు మీ అమ్మ పాలు తాగినవాడే. అంటే నీకు అన్న. ఇంక గుడ్లు తొక్కావని తిట్టడానికి కూడా లేదు, మా ఇంటివాడివైపోయావు.”

దీవి మనుషులు ఇద్దరు ఎక్కడ ఎదురుపడినా మాట ఇలాగే మొదలవుతుంది, పాల దగ్గర. నూరీకి ఇది అలవాటే. స్ఫాక్స్ రేవులో మూటలు మోసేవాళ్ళలో ఇద్దరు, లాంచీ నడిపే సరంగు, మసీదులో బాంగు ఇచ్చే మనిషి, వీళ్ళందరూ తనకి అన్నలే.

“మరి పిల్లెవరు?” అంది మన్నూబియా.

“వసీలా. షల్బియా అవ్వ మనవరాలు.”

“ఏ షల్బియా? ఆ జ్వరమొచ్చి పోయిన బెయ్యా తల్లి షల్బియానా?”

“ఆఁ, ఆవిడే.”

మన్నూబియా నోటి మీద చెయ్యి వేసుకుంది. తర్వాత, దెబ్బ తగిలిన పిల్లాణ్ణి దగ్గరికి తీసుకున్నట్టు, నూరీ మోకాలి మీద చెయ్యేసింది.

“నాయనా, బెయ్యా జ్వరంలో పడున్నప్పుడు మంచం పక్కన కూర్చుని తడిగుడ్డలు వేసింది నేనే. రొమ్ములో చుక్క లేదు దానికి. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే షల్బియా ఎత్తుకుని మీ ఇంటికి వెళ్ళింది. తిరిగొచ్చి, ‘అల్జియా కడుపునిండా పట్టింది, ఇంక నువ్వు పడుకో తల్లీ’ అని బెయ్యాతో చెప్పింది. ఈ రెండు చెవులతో విన్నాను. అల్లా నన్ను క్షమించుగాక, చెప్పకపోతే పాపం నాకు చుట్టుకుంటుంది. ఆ పిల్ల నీకు చెల్లెలు. దానికి చెప్పులు తీసుకెళ్ళొచ్చు గాని, గోరింటాకు తీసుకెళ్ళకూడదు.”

కర్కెన్నా దీవులు సముద్రంలోంచి వచ్చేవాడికి నేలలా కనిపించవు. మొదట ఖర్జూరపు చెట్ల తలలు కనిపిస్తాయి, నీళ్ళలోంచి నేరుగా మొలిచినట్టు. చాలాసేపటికి గాని వాటి కింద ఇసక ఉందని తెలియదు. అంత పల్లపు నేల. చుట్టూ సముద్రం కూడా అంతే, మోకాలి లోతున మైళ్ళకొద్దీ పరుచుకుని ఉంటుంది. ఆ నీళ్ళలో ఎవరి చెలక వాళ్ళది. పొలానికి గట్లున్నట్టు, ఖర్జూరపు మట్టలు వరసగా పాతి దడి కడతారు. పోటుకి వచ్చిన చేప పాటుకి వెనక్కి వెళ్ళబోయి దడి వెంబడే నడిచి, చివరనున్న మావులో, అంటే బుట్టవలలో, పడుతుంది. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకి దడి వస్తుంది. నేల మీద గజం చోటు లేనివాడికి కూడా నీళ్ళలో వాటా ఉంటుంది.

సముద్రాన్ని ఇంత కచ్చితంగా పంచుకున్న మనుషులు పాలను మాత్రం పంచుకోలేకపోయారు. కాదు, పంచుకుని చిక్కులో పడ్డారు. రెండేళ్ళు నిండని బిడ్డ గొంతులోకి పరాయి తల్లి పాలు ఒక్క గుక్క దిగిందా, ఆ తల్లి తల్లే, ఆమె కన్నవాళ్ళంతా తోబుట్టువులే. ఆస్తి రాదు, పేరు రాదు. పెళ్ళి మాత్రం కుదరదు. మిగతా లోకంలో పెళ్ళికి గోత్రాలో కులాలో జాతకాలో అడుగుతారు. హమ్మాది దడి ఉన్న ఆ ఊళ్ళో పెళ్ళిమాట అనుకోగానే ఇరువైపులవాళ్ళూ అల్జియా గడప తొక్కి, ‘లల్లా’ అని మర్యాదగా పిలిచి అడిగేవారు.

“లల్లా అల్జియా, మావాడికి మబ్రూక్ కూతుర్ని అనుకుంటున్నాం. నీవైపు నుంచి ఏమైనా ఉందా?”

అల్జియా బార్లీ నూక చెరుగుతూనే జ్ఞాపకం తెచ్చుకునేది. “మీవాడు నా దగ్గర తాగలేదు, మీ అత్త ఒప్పుకోలేదుగా. అదేమో తాగింది, పెద్దగాలి వచ్చి దడులన్నీ లేచిపోయిన ఏడు. అయితే తప్పులేదు, చేసుకోండి. పాయసం నాకు పంపడం మరిచిపోకండి.” ఆమె మాట అంటే మాటే. పెళ్ళిళ్ళు చేయించే షేక్ తిజానీ కూడా, “అల్జియా ఏమంది?” అని అడిగాకే నిఖా పుస్తకం తెరిచేవాడు.

అసలు ఇదంతా ఎలా మొదలైందో ఆమే ఒకసారి చెప్పింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో పుట్టిన మొదటి బిడ్డ ఏడు రోజులకే పోయాడు. పాలు ఆగలేదు. రవిక తడిసిపోతుంటే గోడవైపు తిరిగి పడుకున్న కోడల్ని చూడలేక, అత్తగారు పొరుగింటి కవలల్లో ఒకణ్ణి తెచ్చి పక్కలో పడుకోబెట్టింది. “వాడు తాగాడు, నేను బతికాను” అనేది అల్జియా. ఆ తర్వాత ఆమె కన్న బిడ్డలు చాలామందే. ఒకరు మానకముందే ఇంకొకరు. చీకటితో మొగాళ్ళు దడుల మీదికి వెళ్ళగానే, ఇంటి ముందు అరుగు మీద పసిపిల్లల తల్లులు చేరేవారు. పచ్చి బాలింతలు, జ్వరాలవాళ్ళు, తిండి చాలక ఎండిపోయినవాళ్ళు. అల్జియా అడిగేది కాదు. చెయ్యి చాపేది, అంతే.

ఊళ్ళు తిరిగినవాళ్ళకి ఒక సంగతి తెలుస్తుంది. ఏ దేశంలోనైనా, ఏ ఊళ్ళోనైనా, ఇంటికి అక్కరలేనంత పెద్ద కుండ ఉన్న ఇల్లు ఒకటి ఉంటుంది. దారి తెలియనివాడు కూడా వాసన పట్టుకుని ఆ ఇంటికే వెళ్తాడు. ఈ ఊళ్ళో ఆ కుండ అల్జియాది. ఎండబెట్టిన ఆక్టోపస్ ముక్కలు, బార్లీ నూక, ఎండుమిరప ముద్ద వేసి కాచిన జావ ఎప్పుడూ పొయ్యి మీదే ఉండేది. వీధిలో పోయేవాణ్ణి చొక్కా పట్టుకుని లాక్కొచ్చేది. తిననంటే, “తినకుండా వెళ్ళావంటే మా ఆయన దడి కొట్టుకుపోతుంది, ఆ పాపం నీదే” అని బెదిరించేది. హమ్మాది ఒకసారి స్నానం చేసి వచ్చేసరికి కొత్త ఉన్ని అంగీ కనిపించలేదు. చలికి వణుకుతున్న ఒక బాటసారి అప్పటికే దాన్ని వేసుకుని పక్క ఊరి దారి పట్టాడు.

“నా అంగీ ఏదే?”

“చలి వెయ్యదని నిన్ననేగా అన్నావు?”

“అన్నది నాకు చలి వెయ్యదని కాదే, అంగీ ఉంది కాబట్టి చలి వెయ్యదని!”

అప్పటి నుంచి హమ్మాది పట్టిన ఆక్టోపస్‌లలో పెద్దదాన్ని పడవ అడుగున గోనెకింద దాచి, చీకటి పడ్డాక ఇంటికి తెచ్చేవాడు. తెల్లారేసరికి అదీ ఎవరి ఇంట్లోనో ఉడికేది.

చాలా ఏళ్ళ తర్వాత అల్జియా పోయినప్పుడు, ఆమెను సమాధిలోకి దించవలసింది కొడుకులూ అన్నదమ్ములూ మాత్రమే కాబట్టి, షేక్ తిజానీ కొడుకు గుంట పక్కన నిలబడి, “ఆమె కొడుకులు రండి” అని పిలిచాడు. గుంపులోంచి ముందుకు వచ్చినవాళ్ళను చూసి అతను పుస్తకం మూసేశాడు. నెరిసిన గడ్డాలు, గుండు తలలు, చేపల వాసనలు, ఒక పోలీసు టోపీ, ఒకరికొకరు చోటివ్వక తోసుకుంటూ. నూరీకి సొంత అమ్మను పట్టుకోవడానికి పాదాల దగ్గర మాత్రమే చోటు దొరికింది. ఇది చెప్పేటప్పుడు నూరీ ఇప్పటికీ నవ్వుతాడు. కాని అది తర్వాతి సంగతి. ఇప్పుడతను లాంచీ దిగి, చంకలో మూటతో, ఇసకదారి వెంబడి ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్తున్నాడు.

అల్జియా వాకిట్లో కూర్చుని ఈనెలతో తాడు పేనుతోంది. కొడుకు మొహం చూసింది, తాడు పక్కన పెట్టింది.

“ముందు తిను. జావ చల్లారిపోతుంది.”

“జావ తర్వాత, ఉమ్మీ. ఒక్క మాట చెప్పు. వసీలాకి పాలు పట్టావా?”

నూరీ లాంచీలో జరిగిందంతా చెప్పాడు. చెప్తుంటే ఆమె మెల్లగా లేచి నిలబడింది.

“మన్నూబియా ఏమంది? మళ్ళీ చెప్పు.”

“నువ్వు పట్టావని.”

“అది కాదు. షల్బియా బెయ్యాతో ఏమందిట? అదే ముక్క చెప్పు.”

“‘అల్జియా కడుపునిండా పట్టింది, ఇంక నువ్వు పడుకో తల్లీ’ అందిట.”

అల్జియా గోడకి చెయ్యి ఆనించి మళ్ళీ కూర్చుంది. “కడుపునిండా అందా? షల్బియా అందా ఆ మాట?” అని తనలో తనే రెండుసార్లు అనుకుంది. ఇంక నూరీ ఎంత అడిగినా నోరు విప్పలేదు. జావ గిన్నె తెచ్చి అతని ముందు పెట్టి, పైబట్ట కొంగుతో మొహం కప్పుకుని, లోపలికి వెళ్ళి పడుకుంది. పట్టపగలు అమ్మ పడుకోవడం నూరీ అంతవరకు చూడలేదు.

మన్నూబియా నోరు ఊరుకునేది కాదు. సాయంత్రానికి మాట ఊరంతా చేరింది. షేక్ తిజానీ నూరీని పిలిపించాడు. ఆయన మంచివాడే, పళ్ళు లేని నోటితో మెత్తగా మాట్లాడతాడు.

“అనుమానం పడ్డచోట ఆగిపోవాలి నాయనా. మన్నూబియా చూడలేదు, విన్నదంతే. ఆ రోజు అక్కడ ఉన్నది ఇద్దరు ఆడవాళ్ళు, మీ అమ్మా, షల్బియా. వాళ్ళిద్దరి మాటా ఒకటైతే అటో ఇటో తేలిపోతుంది. షల్బియాని అడిగాను. ‘ముందు అల్జియాని చెప్పమనండి, ఆ తర్వాత నేను చెప్తాను’ అంది. మీ అమ్మేమంటుంది?”

“ఏమీ అనట్లేదు.”

“ఏమీ అనట్లేదంటే...” షేక్ గడ్డం నిమురుకున్నాడు. “అల్జియా గడప తొక్కిన పసిగుడ్డు ఖాళీ కడుపుతో తిరిగొచ్చిందంటే ఎవరు నమ్ముతారు నాయనా? నేనే నమ్మను. నా చిన్నకూతురు కూడా అక్కడ తాగినదే.”

అదీ చిక్కు. నూరీకి ఎదురు సాక్ష్యం మన్నూబియా కాదు, అమ్మ మంచిపేరు. ఊళ్ళో ఎవరూ వాదించలేదు, ఎవరూ దెప్పలేదు. అందరూ జాలిపడ్డారు. చాయ్ దుకాణం దగ్గర పాలన్నలు చుట్టూ చేరి భుజం తట్టారు.

“పోనీలేరా తమ్ముడూ. మాకూ ఇలాగే అయింది. నేను జైనబ్‌ని చేసుకుందామనుకున్నాను, చెల్లెలని తేలింది. ఇప్పుడు దాని మొగుడితో చదరంగం ఆడుతున్నా.”

“పక్క దీవిలో చూసుకో. అక్కడిదాకా మీ అమ్మ పాలు చేరలేదు.”

“చేరలేదని ఎవరన్నారు? లాంచీ ఉందిగా!”

నవ్వారు. నూరీ కూడా నవ్వబోయాడు, కుదరలేదు.

అతనికి వసీలా మీద మనసు పడటంలో వింత లేదు. ఆ ఊళ్ళో అతని ఈడు ఆడపిల్లలంతా చిన్నప్పటి నుంచి “అన్నయ్యా, దారి తప్పుకో” అంటూ పెరిగినవాళ్ళు. ఒక్క వసీలా మాత్రం అతణ్ణి చూడగానే పైబట్ట సర్దుకునేది. ఊరంతా చెల్లెళ్ళున్నవాడికి, చెల్లెలు కాని ఒక్కతె ఎదురైతే ఏమవుతుందో చెప్పాలా? మర్నాడు బావి దగ్గర ఆమె కనిపించింది. ఈసారి పైబట్ట సర్దుకోలేదు. తల మీద బట్ట కూడా లేకుండా, చేద తాడు పట్టుకుని సూటిగా చూసింది.

“నీళ్ళు తోడిపెట్టనా, అన్నయ్యా?”

“వసీలా...”

“ఏం, చెల్లెలు తోడితే తాగవా? నిన్న మొన్నటిదాకా తాగాలని చూశావుగా.” గొంతు పలికినంత గట్టిగా లేవు కళ్ళు. “మీ అమ్మని నోరు విప్పమను, నూరీ. ఔనంటే ఔనని. నేను ఇంకొకర్ని కట్టుకుని ఏడుస్తానో, కట్టుకోకుండా ఏడుస్తానో నాకు తెలియాలిగా! మా అవ్వ కూడా మాట్లాడదు. గోడకి మొహం పెట్టి కూర్చుంటుంది. ఈ ఇద్దరు ముసలాళ్ళూ నన్నేం చేద్దామని?”

కడవ ఎత్తుకుని వెళ్ళిపోయింది. సగం నీళ్ళు దారిలో ఒలికిపోయాయి.

ఆ వారంలోనే ఉన్ని కడిగే రోజు వచ్చింది. గొర్రెల బొచ్చు కత్తిరించాక, పాటు వేళ చూసి ఊరి ఆడవాళ్ళంతా సముద్రంలోకి దిగుతారు. లంగాలు మోకాళ్ళ పైకి దోపుకుని, ఉన్ని నీళ్ళలో ముంచి, ఖర్జూరపు మట్ట మొదళ్ళతో బాదుతారు. ఆ చప్పుడు, ఆ కేకలు, ఆ బూతుపాటలు ఊళ్ళోకి వినపడతాయి. మొగాళ్ళు ఆ దరిదాపులకి పోరు. మూటలు మొయ్యడానికి మాత్రం ఇంటికొక కుర్రాడు వెళ్ళి, వీపు తిప్పుకుని ఒడ్డున కూర్చుంటాడు. నూరీ అలాగే కూర్చున్నాడు, ఖాళీ గోనెల మీద, సముద్రానికి వీపు పెట్టి. అందుకే ఆ రోజు జరిగింది అతను చూడలేదు. విన్నాడు.

చప్పుళ్ళ మధ్య అమ్మ గొంతు వినిపించింది, ఎప్పుడూ లేనంత గట్టిగా.

“షల్బియా! ఆ బాదడం ఆపు. మీరంతా కూడా ఆపండి.”

ఒక్కొక్కటే ఆగాయి. చివర ఒక మట్ట మాత్రం టప్ టప్ మని కొడుతూనే ఉంది. అది షల్బియాది.

“సరే, కొడుతూనే విను. బెయ్యా జ్వరంలో ఉన్నప్పుడు నువ్వు పిల్లని ఎత్తుకుని నా గుమ్మంలోకి వచ్చావు. నేను పాలివ్వలేదు.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో, “లల్లా, కొడుకు కోసం అబద్ధాలాడకు, ఈ వయసులో” అన్నారు. “నీ నోట ‘ఇవ్వలేదు’ అన్నమాటే అతకడం లేదమ్మా” అంది మూడో గొంతు.

“అబద్ధం అప్పుడు ఆడాను” అంది అల్జియా. “పాలు ఇంకిపోయాయన్నాను. ఇంకలేదు. మాట్లాడుతుండగానే రవిక తడిసింది, కొంగు కప్పుకున్నాను. పంచదార నీళ్ళలో గుడ్డ ముంచి పిల్ల నోట్లో పెట్టి, తీసుకెళ్ళిపో అన్నాను.”

“ఎందుకు?” అంది ఎవరో. ఈసారి నవ్వు లేదు.

“ముందురోజు ఇక్కడే, ఈ నీళ్ళలోనే, మీ అమ్మలూ అత్తలూ నన్ను ఆటపట్టించారు. ఊళ్ళో ఆడపిల్లలందర్నీ నీ చంటాడికి చెల్లెళ్ళని చేసేశావు, రేపు వాడికి ఆక్టోపస్‌ని తెచ్చి పెళ్ళి చేస్తావా అని. నేనూ నవ్వాను. రాత్రికి ఆ మాట చేపముల్లులా గొంతులో దిగబడింది. ముందరి కొడుకులకి పిల్లల్ని వెతకలేక ఎంత తిరిగానో అల్లాకి తెలుసు. తెల్లారేసరికి నువ్వొచ్చావు, షల్బియా. ఒక్కదాన్ని, ఈ ఒక్కదాన్ని వాడి కోసం ఉంచుకుందాం అనుకున్నాను. ఒక్క పూట పస్తుంటే పిల్ల చచ్చిపోదులే అనుకున్నాను. పిల్ల చావలేదు. మూడోనాడు తల్లి పోయింది.”

షల్బియా మట్ట కూడా ఆగింది. నూరీ గోనెల అంచు పట్టుకుని కూర్చున్నాడు. తిరగకూడదు, తిరిగితే ఆడవాళ్ళందరి మర్యాదా పోతుంది. మెడ నరాలు లాగేస్తున్నాయి.

“నా మేకని తెచ్చి మీ గుమ్మానికి కట్టాను. ఊరంతా నన్ను మెచ్చుకుంది, తల్లి లేని పిల్లకి మేకనిచ్చిందని. ఆ మెప్పు కూడా తిన్నాను. ఇదంతా షేక్ చెవిలో చెప్పొచ్చు. కాని నా పేరు ఈ ఒడ్డున మీ నోళ్ళలో పెరిగింది. ఇక్కడే దించుకోవాలి.”

ఈసారి షల్బియా మాట్లాడింది.

“దారంతా ఏడ్చిందే, అల్జియా. ఆ గుడ్డ ఉమ్మేసి, నా మెడ చీకుతూ ఏడ్చి ఏడ్చి, గుమ్మం చేరేసరికి అలసి నిద్రపోయింది. తలుపు దగ్గర నిలబడి, లోపల నా కూతురు మూలుగుతుంటే ఏం చెప్పాలో తెలియలేదు. అల్జియా కూడా కాదంది అని చెప్తే, ఇంక లోకంలో ఎవరున్నారని అది కళ్ళు మూసుకుంటుంది? కడుపునిండా పట్టింది అన్నాను. అది నవ్వింది. ఆఖరిసారి నవ్వింది. నీ పేరు చెప్తేనే దానికి నిద్రపట్టింది.”

“నాకు తెలియదు” అంది అల్జియా. “నువ్వలా అన్నావని మొన్నటిదాకా నాకు తెలియదు.”

“నేనెలా చెప్తాను? నిజం చెప్తే ఊళ్ళో నన్నే నమ్మరు. చచ్చినదానికి అబద్ధం చెప్పానని కూడా ఒప్పుకోవాలి. సంబంధం కోసం నువ్వొచ్చినప్పుడు వెళ్ళగొడదామనుకున్నాను. మనవరాలి మొహం చూసి ఊరుకున్నాను. మన్నూబియా మాట పుట్టాక, చూద్దాం, నిజం నువ్వే చెప్తావో, పేరు కాపాడుకుని కొడుకుని ముంచుతావో అని కూర్చున్నాను.”

“అయితే ఇప్పుడు?” అన్నది అల్జియా కాదు. ఎవరో పిల్లకోడలు, ఉగ్గబట్టుకోలేక.

“ఇప్పుడేముంది? షేక్ ఇద్దరి మాటా ఒకటి కావాలన్నాడుగా, ఒకటే అయింది. సాయంత్రం అస్ర్ నమాజు కాగానే పోయి చెప్పొస్తాం.” షల్బియా మట్ట మళ్ళీ ఎత్తినట్టుంది, నీళ్ళు చిందాయి. “ఏయ్ అల్జియా! పసిగుడ్డప్పుడు దానికి పస్తు పెట్టావు. కోడల్ని చేసుకున్నాక ఒక్క పూట దాని కడుపు మాడిందని తెలిసిందో, ఈ మట్టే పట్టుకుని మీ వాకిట్లోకి వస్తాను.”

ఎవరూ నవ్వలేదు. నవ్వాలో లేదో వాళ్ళకి తెలియలేదు. అల్జియా అరుగు మీద పెరిగిన పిల్లలు ఆ ఆడవాళ్ళలో ఎందరో. వాళ్ళు ఆమెను చూస్తున్న చూపు ఎలాంటిదో నూరీ వీపుకే తెలిసింది. ఒక గొంతు, “లల్లా...” అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఎప్పుడూ ఆ పిలుపు వెనక ఒక అడగడం ఉండేది. ఈసారి ఏం అడగాలో ఆ గొంతుకి తోచలేదు.

నీళ్ళలో అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చింది. నూరీ లేచి నిలబడ్డాడు. అల్జియా ఒడ్డెక్కింది. లంగా దోపు విప్పలేదు. కాళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తడి ఉన్ని మూట తల మీద ఉంది. ఆ బరువు మోయడానికే నూరీ వచ్చాడు. చేతులు చాపాడు.

“ఇలా ఇవ్వు, ఉమ్మీ.”

ఆమె ఇవ్వలేదు. అతని మొహంలోకి చూడలేదు. వసీలా దక్కిందని సంతోషమా, అమ్మ పేరు ఇసకలో పడిందని దుఃఖమా, అతనికే తెలియలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆడవాళ్ళంతా నీళ్ళలో నిలబడిపోయి ఉన్నారు, చేతుల్లో మట్టలతో. తిరగకూడదన్న సంగతి అతనికీ గుర్తులేదు, చూడకూడదని కసరాలని వాళ్ళకీ గుర్తులేదు.

అల్జియా ఎవరికీ వెళ్ళొస్తానని చెప్పలేదు. తల మీది మూటను ఒక చేత్తో సర్దుకుని, తడి పాదాలకు ఇసక అంటుతుండగా, చెట్ల మధ్య దారి పట్టి నడిచి వెళ్ళిపోయింది.